శ్రీ గుర్తు బ్లాకు

ఫౌండ్రీ ఆఫీసులో ఫోను సేఠ్ బల్ల మీద ఉండేది. బల్ల సేఠ్‌ది, ఫోను మాత్రం నాది. పొద్దున తాళం తీసిన దగ్గర్నుంచి సాయంత్రం షట్టరు దించేదాకా ఆ నల్ల రిసీవరు నా చెవికో భుజానికో అతుక్కునే ఉండేది.

డెబ్బైల నాటి మాట. ఇంటరు అయిపోయి, టైపు నేర్చుకుంటూ, మాదన్నపేటలో మా ఇంట్లో వాళ్లతోనూ పక్కింటి వాళ్లతోనూ తేడా లేకుండా కొట్లాడుతూ ఉండేదాన్ని. మా బాపు ఆ ఫౌండ్రీలో మోల్డరు, అంటే ఇసుకలో అచ్చులు కట్టే మేస్త్రీ. సేఠ్ ఫోను దగ్గరికి మనిషి కావాలంటే నన్ను తీసుకుపోయాడు.

"దీనికి నోరు మస్తున్నది సేఠ్. ఫోను కాడ కూసోబెట్టుండ్రి. ఎక్స్‌ఛేంజోళ్లు గూడ భయపడ్తరు."

భయపడ్డారు కూడా. ట్రంక్ కాల్ బుక్ చేస్తే పొద్దు గూకేదాకా కలపని ఆపరేటర్లను నేను తిట్టిన తిట్లు విని సేఠ్ చెవులు మూసుకునేవాడు. కానీ కాల్ కలిసేది.

మేం పోసేది ఆయిలింజన్ల బ్లాకులు. అక్కడ చేరేదాకా బ్లాకు అంటే ఏమిటో నాకు తెలియదు. ఇంజనుకు ఒళ్లు అది. నడుమ గుండ్రటి బావిలాంటి ఖాళీ ఉంటుంది, పిస్టను ఆ బావిలో పైకీ కిందికీ ఆడుతుంది. ఆ బావి చుట్టూ, గోడకీ గోడకీ మధ్యన, ఇంకో ఖాళీ. ఇంజను వేడెక్కి కూర్చోకుండా అందులో నీళ్లు తిరుగుతుంటాయి. మిగతా సామాను ఏదైనా సరే, వచ్చి ఈ ఒంటికే బిగుసుకోవాలి.

చిత్రమేమిటంటే, ఒకే సైజు బ్లాకు ఒకచోట బావిలోంచి నీళ్లు తోడేది. ఇంకోచోట జొన్నలు పిండి చేసేది. తాండూరులో బండలు కోసేది. కరెంటు పోతే సినిమా హాల్లో బొమ్మ ఆగకుండా చూసేది. బరాత్‌లో పెళ్లికొడుకు మొహం మీద వెలుగు పడేలా చేసేది. ఒక తల్లి పిల్లలు తలా ఒక నౌకరీలో కుదురుకున్నట్టు. స్పేర్ పార్టుల కోసం ఫోను చేసినవాళ్లను నేను వదిలేదాన్ని కాదు.

"మా బ్లాకు మీ దగ్గర ఏం పని చేస్తున్నదన్నా?"

"ఏం జేస్తదమ్మా, బండలు కోస్తది."

"జెర ఇంజను కాడికి ఫోను పట్టుకపోరాదే, సప్పుడు వింట."

"వైరు గంత పొడుగు లేదు తల్లీ, నువ్వే రా తాండూరుకు."

ఫోను మోగనప్పుడు వెనక షెడ్డులోకి పోయేదాన్ని. భట్టీ పెట్టే రోజు అక్కడ జాతరలా ఉండేది. భట్టీ అంటే నిలువు కొలిమి. పైనుంచి కోకు బొగ్గు, పచ్చి ఇనుము, వాటితోపాటు తుక్కు పోసేవాళ్లు. పాత బ్రేక్ డ్రమ్ములు, విరిగిన కుట్టు మిషన్ల కాళ్లు, ఎక్కడెక్కడో పగిలిన ఇంజన్ల బ్లాకులు. పాత బ్లాకు కరిగి కొత్త బ్లాకవుతుందని తెలిసిన రోజు నాకు తమాషాగా అనిపించింది. ఎప్పుడో బావిలో నీళ్లు తోడిన ఇనుము ఈసారి ఏ పిండి గిర్నీలో తేలుతుందో.

ఆ రోజుల్లో షెడ్డులో బాపుది ఒకటే చట్టం: పోత పూర్తయ్యేదాకా అచ్చుల దగ్గరికి నీళ్లు రావద్దు. ఒకసారి దాహమేస్తుందేమోనని గ్లాసుతో నీళ్లు తీసుకెళ్తే భట్టీ హోరు కంటే గట్టిగా అరిచాడు.

"పాణం మీదికి తెస్తవా? సుక్క పడ్డదంటే ఆవిరయి లోపల బుడగలైతయ్! ఉరుకు బయటికి!"

అంత మందిలో అరిచినందుకు రెండ్రోజులు బాపుతో మాట్లాడలేదు. కోపం తగ్గాక బుడగల సంగతేమిటని అడిగింది కోర్ల అక్కను.

కోర్ల అక్క షెడ్డులో ఇనుము పని చేసే ఒక్కగానొక్క ఆడమనిషి. చర్చికి పోయే మనిషి, నుదుటన బొట్టుండదు, నోట్లో ఎప్పుడూ వక్క ఉండేది. ఇసుకలో బెల్లం మడ్డి కలిపి, చెక్క పెట్టెలో దట్టించి, తట్టి బయటికి తీసి, ఓవెన్లో పెట్టి బిస్కెట్టులా గట్టిగా కాల్చేది. అదే కోరు. అచ్చు లోపల కోరును నిలబెట్టి ఇనుము పోస్తే, ఇనుము దాని చుట్టూ పారి గడ్డకడుతుంది. తరవాత కోరును పొడిచి, కన్నాల్లోంచి ఇసుకంతా దులిపేస్తారు. కోరున్న జాగా ఖాళీ అవుతుంది. పిస్టను ఆడే బావి, నీళ్లు తిరిగే సందు, రెండూ అట్లా పుట్టినవే.

"ఇనుము పోసేది మొగోళ్లు పోరీ," అనేది అక్క. "ఇనుము యాడికి రావొద్దో జెప్పేది నేను."

"మరి నువ్వు చేసింది చివరికి దులిపి పారేస్తరు గదక్కా?"

"నువ్వు జేసేది మాత్రం మిగుల్తదా? ఫోన్ల మాట్లాడింది గాలిల పోతది. నాది ఇసుకల పోతది. ఇద్దరికిద్దరం."

బుడగల సంగతి ఆమే చెప్పింది. తడి తగిలితే ఆవిరి పుడుతుంది, బయటికి పోయే దారిలేక ఇనుములోనే చిక్కుకుంటుంది. పైకి బ్లాకు నున్నగానే ఉంటుంది. లోపల మాత్రం బన్ను తుంచి చూసినట్టు సన్న సన్న బొక్కలు. అటువంటి చోట నీళ్లు చెమటలా బయటికి ఊరతాయి. అందుకే కోరు పచ్చిగా ఉండకూడదు. కాలిన కోరును ఆమె వేలి కణుపుతో కొట్టి వినేది. మోగితేనే బయటికి పంపేది. బెల్లం వాసనకు ఓవెన్ చుట్టూ చీమలు బారులు కట్టేవి. వాటిని ఆమె తిట్టే తిట్లు నేను ఎక్స్‌ఛేంజివాళ్ల మీద వాడుకునేదాన్ని.

బాపుకు ఇంకో అలవాటు ఉండేది. భట్టీ పెట్టిన ప్రతిసారీ మొట్టమొదటి అచ్చుకు పూజ చేసేవాడు. చిన్న ఇత్తడి ముద్రతో ఇసుకలో ఒక మూలన "శ్రీ" అని ఒత్తి, అచ్చు పెట్టె మూసి, ఇనుము పోసే ముందర అదే మూలన పెట్టె అంచుకు కొబ్బరికాయ కొట్టేవాడు. చిప్పలు పక్కన పెట్టి, దండం పెట్టుకుని, "పోయ్!" అని కేకేసేవాడు. ఆ బ్లాకు మీద శ్రీ ఉబ్బెత్తుగా వచ్చేది. గిరాకీలు దానికోసమే పోటీ పడేవాళ్లు. "శ్రీ ఉన్నది ఒకటి నాకోసం పక్కకు వెట్టు తల్లీ" అని ఫోనులో ఎంతమంది అడిగేవాళ్లో.

అట్లా ఉండగా ఐసు ఫ్యాక్టరీలకు ఇంజన్లు బిగించే కంపెనీ ఒకటి సేఠ్‌ను పిలిచింది. మేం అప్పటిదాకా ఒక బావి ఉన్న బ్లాకులే పోశాం. వాళ్లకు కావలసింది రెండు బావుల పెద్ద బ్లాకు. ముందు నమూనాకు ఒకటి పోసి చూపించాలి, చుక్క కారకూడదు. అది బాగుంటే ఇక పని ఆగదు.

అంత పెద్ద పని కాబట్టి బాపు దాన్ని మొదటి అచ్చు చేశాడు. ఆ రోజు ఒకటి కాదు, వరసగా కొబ్బరికాయలు కొట్టాడు. సేఠ్ కూడా ఒకటి కొట్టాడు.

బ్లాకు చల్లారింది. ఇసుక దులిపారు. చిన్న బ్లాకులకు చెయ్యం గానీ నమూనాకు పరీక్ష ఉంది, చాలా సాదా: నీళ్లు తిరిగే ఖాళీలో కిరసనాయిలు నింపి, బయటంతా సున్నం పూసి వదిలేస్తారు. ఎక్కడైనా సందుంటే కిరసనాయిలు ఊరి సున్నం మీద మచ్చ తేలుతుంది. మర్నాడు పొద్దున నేను తాళం తీసేసరికి తెల్లటి బ్లాకు మీద ఒక మూల అరచేయంత నల్లటి మరక.

సేఠ్ దాని చుట్టూ తిరిగాడు. "ఏంది ఉస్తాద్ గిది? కోరు కచ్చాగ ఉన్నట్టున్నది."

బాపు గడ్డం గోక్కున్నాడు. "గావచ్చు సేఠ్. పెద్ద కోరు గదా, లోపల దాక కాలలేదేమో."

"కాలలేదా?" అక్క వక్క ఉమ్మేసి వచ్చింది. "గాజు లెక్క మోగింది అన్నా. నువ్వే గద లోపల వెట్టినవ్, పచ్చిగుంటే నీ చేతికి తెలుస్తలేదా?"

"చెల్లే, నేను నిన్ను అంటలేను..."

"మరి ఎవ్వల్ని అంటున్నవ్? ఓవెన్‌నా?"

సేఠ్ చెయ్యి ఎత్తాడు. "లొల్లి వద్దు. ఇంకొక్కటి పోసి చూద్దాం. గది గూడ కారితే కోర్లు బయటికెల్లి తెప్పిస్త, మిషన్‌ల చేసినయ్. గప్పుడు మనకు కోర్ల పని అవసరం లేదు."

అక్క వెళ్లి ఓవెన్ తలుపు తీసి, మళ్లీ మూసింది. తిట్టడానికి చీమలు కూడా ఉన్నాయి, కానీ తిట్టలేదు.

ఆ సాయంత్రం ఇంట్లో బాపుతో నేను పెట్టుకున్న లొల్లి గల్లీ చివరిదాకా వినపడి ఉంటుంది. "గావచ్చు అంటే ఏంది బాపూ? తెలిస్తే తెలుసను, లేకుంటే తెల్వదను. నీ గావచ్చుతోని ఆమె నౌకరి పోతది!" బాపు టవలు భుజాన వేసుకుని బయటికి వెళ్లిపోయాడు.

తరవాత ఒకరోజు మాదన్నపేట మార్కెట్ వెనక గిర్నీ నడిపే ఆయన ఫోను చేశాడు. మంచి మనిషే గానీ అప్పుడు మంట మీద ఉన్నాడు.

"ఏమ్మా, మీ బ్లాకు చెమటలు కక్కుతున్నది. శ్రీ ఉన్నది గావాలని ఏరుకోని తెచ్చుకున్న, గదే కారాల్నా?"

మామూలుగా అయితే నేనూ తిరిగి అరిచేదాన్ని. కానీ ఆ మాట దగ్గర నోరు ఆగిపోయింది.

"యాడ కారుతున్నదన్నా?"

"శ్రీ కిందనే. బొట్టు వెట్టినట్టు."

సాయంత్రం ఇంటికి పోతూ గిర్నీలోకి దూరాను. పిండి పొగమంచులో ఇంజను దడదడలాడుతోంది. లాంతరు పెట్టి చూపించాడు. శ్రీ అక్షరం అడుగున సన్నటి తుప్పు చార. మా నమూనా మీద మరక తేలింది కూడా శ్రీ ఉన్న మూలనే. అందరం మరకనే చూశాం గానీ పక్కనున్న అక్షరాన్ని ఎవ్వరం చూడలేదు.

మర్నాటి నుంచి ఫోను నా చేతిలో పిచ్చెక్కింది. అవతల ఎవరు పలికినా ఒకటే ప్రశ్న: మీ బ్లాకు మీద శ్రీ ఉన్నదా? కారుతున్నదా? తాండూరాయన నవ్వాడు. "ఉన్నదమ్మా శ్రీ. జెర చెమటబడ్తది గానీ, సబ్బు బిళ్ల రుద్దినం, ఆగింది." బరాత్ లైట్లాయన నీళ్లలో పసుపు పోశాడట, పసుపు వెళ్లి సందులో కూర్చుంటుందని. సినిమా హాలు మేనేజరుది శ్రీ లేని బ్లాకు. "కారుడేంది? కొన్నప్పటికెల్లి పొడిగనే ఉన్నది," అన్నాడు. మొయినాబాద్ రైతు ఒకాయన మాత్రం నా లెక్క చెడగొట్టాడు: ఆయనది శ్రీ బ్లాకు, చుక్క కారదు. ఆ ఒక్క ఫోను తరవాత చాలాసేపు గోళ్లు కొరుక్కున్నాను. అయినా కారుతున్న ప్రతిదాని మీదా శ్రీ ఉంది. కారనిది ఒకటుంటే ఏం, కారేవి ఎందుకు కారుతున్నాయన్నదే తేలాలి. శ్రీ అక్షరం ఇనుమును బొక్క పెట్టదు కదా. మరి ఆ మూలన ఇంకేం జరుగుతోంది?

వెనక షెడ్డులోకి వెళ్లి, ఖాళీ అచ్చు పెట్టె ముందర నిలబడి, చేత్తో గాల్లో కొబ్బరికాయ కొట్టినట్టు కొట్టి చూశాను. నీళ్లు పడితే పెట్టె సందులోంచి నేరుగా ఇసుకలోకే. అప్పుడు అర్థమైంది. గ్లాసు నీళ్లకు అరిచిన మనిషి కొబ్బరి నీళ్లను నీళ్లలో లెక్కెయ్యలేదు!

కోర్ల అక్క నన్నే చూస్తోంది.

"నీకు తెలుసునా అక్కా?"

"ఏం తెలుసు?"

"కొబ్బరి నీళ్ల సంగతి!"

ఇసుక పిసుకుతున్న చేతులు ఆగాయి. "మెల్లగ మాట్లాడు. అనుమానమున్నది, ఎప్పటికెల్లో."

"మరి చెప్పకపోయినవ్ ఎందుకు? నీ నౌకరి మీదికొస్తే గూడ చెప్పవా?"

"ఏమని జెప్పాలె? ఉస్తాద్, కొబ్బరికాయ కొట్టకని జెప్పాల్నా? నేను జెప్తే ఏమంటరో ఎరికేనా? కిరస్తానామెకు మన పూజ కంట్లె పడ్డదంటరు. గా మాట పడేకన్న కోరు కచ్చా అన్న మాటే నయం."

నాకు కోపం ఎవరి మీద తెచ్చుకోవాలో తెలియలేదు. అది నాకు కొత్త.

ఇంటికి వచ్చి, బాపు చాయ్ తాగుతుంటే ఎదురుగా కూర్చున్నాను. గిర్నీ, తాండూరు, బరాత్ లైట్లు, అన్నీ చెప్పాను. మొయినాబాద్ కూడా చెప్పాను. అరవకుండా చెబుదామనే మొదలుపెట్టాను.

"అయితే ఏమంటవ్? దేవునికి కొట్టిన కాయతోని బ్లాకు ఖరాబైందంటవా? నువ్వు పుట్టకముందుకెల్లి కొడుతున్న నేను!"

"గ్లాసు నీళ్లు తెస్తే నన్ను ఎందుకు ఎల్లగొట్టినవ్ బాపూ?"

"గవి నీళ్లు!"

"గివి?"

"గివి..." బాపు ఆగాడు. కప్పు సాసరులో పెట్టాడు. సాసరును పక్కకు జరిపి అడిగాడు. "మొయినాబాద్‌ది కారుతలేదంటివి గదా?"

"కారుతలేదు."

"గా దినం కాయ ఎండుది. నీళ్లే లేకుండె. అపశకునమని మస్తు ఫికరైన. మంచిగ యాదికున్నది."

మళ్లీ భట్టీ పెట్టే రోజు వచ్చింది. కోర్ల అక్క కోరును ఓవెన్లోంచి తీసి అందరి ముందరా కణుపుతో కొట్టి మోగించింది. సేఠ్ కుర్చీ తెచ్చుకుని షెడ్డులోనే కూర్చున్నాడు. నేను ఆఫీసు గుమ్మంలో నిలబడ్డాను, ఫోను వైరు ఎంతవరకు వస్తే అంతవరకు లాక్కుని. బాపు ఎప్పట్లాగే తువ్వాలులో చుట్టిన కొబ్బరికాయతో వచ్చాడు. ఇంట్లో నాకు అవునన్లేదు, కాదన్లేదు.

ఇసుకలో శ్రీ ఒత్తాడు. పెట్టె మూయించాడు. కాయ చేతిలోకి తీసుకున్నాడు. అక్క తల వంచుకుని చేతులకు అంటిన ఇసుక దులుపుకుంటోంది, ఎంత దులిపినా పోనట్టు.

బాపు అచ్చును దాటి నడిచాడు. షెడ్డు బయట, గోడ పక్కన, కారిందని పక్కన పడేసిన మొదటి నమూనా ఉంది. దాని ముందర నిలబడి, అంచుకు ఒక్క దెబ్బ కొట్టాడు. నీళ్లు సున్నపు మరకల మీదుగా జారి మట్టిలో ఇంకాయి.

"ఏంది ఉస్తాద్, గక్కడ గొట్టినవ్?" అన్నాడు సేఠ్.

"గది మన పెద్ద బిడ్డ సేఠ్. ముందుగాల దానికి," అన్నాడు బాపు. లోపలికొస్తూ కొబ్బరి ముక్క ఒకటి విరిచి అక్క చేతిలో పెట్టాడు. "తిను చెల్లె. ప్రసాదం గాదు, ఉత్త కొబ్బరే."

"ప్రసాదమైనా తింట అన్నా, ఆకలైతున్నది," అంది అక్క. అప్పటికి గాని ఎవరూ నవ్వలేదు.

"పోయ్!" అన్నాడు బాపు.

కిరసనాయిలు నింపి సున్నం పూసిన మర్నాడు నా కంటే ముందే అక్క గేటు దగ్గర నిలబడి ఉంది. తాళం తీశాను. బ్లాకు తెల్లగా ఉంది. చుట్టూ తిరిగాం. శ్రీ ఉన్న మూలన వేలితో రుద్ది చూసింది. వేలికి పొడి సున్నం అంటింది. సేఠ్ వచ్చి చూసి, బయటి కోర్ల మాట మళ్లీ ఎత్తలేదు. "కోర్లు ఇంక జల్దీ జల్దీ గావాలె," అని మాత్రం అన్నాడు.

ఆ బ్లాకును వెంటనే పంపలేదు. పెరట్లో ఎండకూ వానకూ వదిలేశారు. నేను సేఠ్‌తో కొట్లాటకు దిగితే బాపే ఆపాడు. పోసిన ఇనుములో బిగువు ఉంటుందట, కొన్నాళ్లు ఊరితే గాని సర్దుకోదట. "ఆవకాయ గూడ ఎమ్మటే తినవు గదా బిడ్డా," అన్నాడు. నీ లెక్కనే, అని ఆయన గొణిగింది విననట్టు ఊరుకున్నాను.

అది ఊరి, బావులు నున్నగా కోయించుకుని, ఐసు ఫ్యాక్టరీలో కూర్చునేసరికి వానాకాలం వెళ్లిపోయింది. అక్కడి ఇంజను గది గోడకే ఫోనుందని తెలిసి నేనే చేశాను. అవతలి మనిషిని బతిమాలి, రిసీవరు ఇంజను వైపు పట్టించి, అక్కను కేకేశాను. ఆమె ఇసుక చేతులు కొంగుకు తుడుచుకుని, రిసీవరును తలకిందులుగా పట్టుకుంది. సరిచేశాను.

కాసేపు విన్నది. "దడ దడ అంటున్నది... బరాత్ బాజా లెక్క." తరవాత ఫోనులోకి గట్టిగా, అవతలివాడు ఊరి చివరనున్నట్టు అరిచింది. "అన్నా! లోపల నీళ్లు మంచిగ తిరుగుతున్నయా?"

"తిరుగుతున్నయమ్మా! సల్లగున్నది!"

ఇంకొంచెం సేపు అట్లాగే చెవికి పెట్టుకుని నిలబడింది. తన చేత్తో చేసి, పొడిచి, దులిపి పారేసిన ఇసుక జాగాలో నీళ్లు తిరిగే చప్పుడు వినపడుతుందేమోనని కాబోలు. తరవాత రిసీవరు నా చేతికిచ్చింది.

"మడ్డి డబ్బా ఒడిసిందని సేఠ్‌కు జెప్పు పోరీ. చీమలు నాకన్న ముందుగాల డ్యూటీ ఎక్కుతున్నయ్."